కనులపండుగ సరే... చెవుల మాటేమిటి?

2025 సెప్టెంబరు 22న, శరన్నవరాత్రులు మొదలైన రోజే, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. దానికి దసరా, దీపావళి ఆఫర్లు తోడయ్యాయి. చాలా ఇళ్లలో పాత టీవీ పడగ్గదిలోకి మారింది. హాలు గోడ మీదికి 55 అంగుళాలది వచ్చి చేరింది. సినిమా అంటే ప్రాణం పెట్టే జాతి మనది. పెద్ద తెర మీద ఆశ ఉండటం సహజం.

కొత్త టీవీ వచ్చాక తొలి ఆదివారం ఎలా ఉంటుందో తలచుకోండి. టిఫిన్లు కానిచ్చి ఇంటిల్లిపాదీ సోఫాలో చేరతారు. 'బాహుబలి' పెడతారు. జలపాతం తెర నిండా దూకుతుంటే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. కాసేపటికి నానమ్మ "ఏమన్నాడ్రా వాడు?" అని అడుగుతుంది. మనవడు సౌండు పెంచుతాడు. అంతలో యుద్ధం మొదలవుతుంది. షోకేసులో గాజు సామాను అదురుతుంది, వంటింట్లోంచి కేక వినపడుతుంది, సౌండు తగ్గుతుంది. మళ్లీ మాటలు. మళ్లీ "ఏమన్నాడ్రా?". సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగదు.

అంత ఖరీదైన తెర ముందు కూర్చున్న పెద్దావిడకు కథ అందలేదు. తప్పు ఆవిడ చెవులదే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. సగం తప్పు టీవీది. ఇంట్లో వినోదానికి డబ్బు ఖర్చుపెట్టబోయే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట ఒకటే: అంగుళాలకు పెట్టే సొమ్ములో కొంత వినికిడికి కేటాయించండి. అలా చేసిన ఇంట్లో టీవీ ఒక్కటే బాగుపడదు. జేబులో ఉన్న ఫోన్ కూడా కొత్తగా పనికొస్తుంది.

ముందు తెర సంగతి

55 అంగుళాలన్నది మూల నుంచి మూలకు కొలత. వెడల్పు చూస్తే నాలుగడుగులే. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చొప్పున 80 లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఆ వివరం కంటికి బాగా అందాలంటే ఆరేడు అడుగులకు మించని దూరంలో కూర్చోవాలి. మన హాళ్లలో సోఫా ఎదురు గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి దూరం పదడుగులవుతుంది. సోఫాను రెండు మూడడుగులు ముందుకు జరిపితే చాలు, రూపాయి ఖర్చు లేకుండా బొమ్మ పెద్దదవుతుంది. టీవీని దేవుడి పటం ఎత్తున బిగించడం కూడా ఇప్పుడు అలవాటైపోయింది. కూర్చున్నవాళ్ల కంటికి తెర మధ్యభాగం ఎదురుగా రావాలి. మెడ నొప్పి ఒక కారణం, మాట ముఖం దగ్గర్నుంచి వచ్చినట్టు అనిపించడం ఇంకో కారణం.

షోరూంలో వరసగా పెట్టిన టీవీలు ఒకదాన్ని మించి ఒకటి మెరవాలి. అందుకోసం వాటిని 'వివిడ్' వంటి మోడ్‌లో పెడతారు. ఇంటికొచ్చాక కూడా దాన్నే ఉంచేస్తే పసుపు రాసుకున్న ముఖం నారింజ రంగుకు తిరుగుతుంది, పట్టుచీర జరీ తెల్లగా మండిపోతుంది. సెట్టింగ్స్‌లో 'సినిమా' గానీ 'ఫిల్మ్‌మేకర్' గానీ ఎంచుకోండి. మొదట కాస్త పసుపుగా, మసగ్గా ఉన్నట్టుంటుంది. ఒక పాట అయ్యేసరికి కన్ను అలవాటు పడుతుంది. తిరిగి 'వివిడ్' పెట్టి చూస్తే అప్పుడు తెలుస్తుంది తేడా.

ఇంకో దొంగ సెట్టింగ్ ఉంది. సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ వాటి మధ్యలో తనే ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తుంది. అప్పుడు కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి దీన్ని ఆపేయండని ప్రేక్షకులను వేడుకుంటూ ఒక వీడియో విడుదల చేశారు. ఆ మరుసటి ఏడే ఫిల్మ్‌మేకర్ మోడ్ ప్రకటన వచ్చింది. క్రికెట్‌కు మాత్రం ఆ నునుపు ఉంటే ఉండనివ్వండి.

'మాయాబజార్' గురించి చెప్పకుండా తెర సంగతి ముగించలేను. 1957 నాటి సినిమా కాబట్టి దాని చట్రం ఇప్పటి టీవీలా పొడవుగా ఉండదు, చతురస్రానికి దగ్గరగా ఉంటుంది. కొన్ని టీవీలు దాన్ని లాగి తెర నిండా పరుస్తాయి. ఎస్వీ రంగారావు అంటే ఎలాగూ భారీ విగ్రహం, కానీ సావిత్రి కూడా అడ్డంగా సాగిపోయి కనిపిస్తుంటే చూడబుద్ధి కాదు. 'పిక్చర్ సైజ్'లోకి వెళ్లి 4:3 గానీ 'ఒరిజినల్' గానీ పెట్టండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, రానివ్వండి. ఓఎల్ఈడీ తెరల్లో ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇచ్చుకుంటుంది, అవసరం లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. అందుకే ఆ పట్టీలు చీకట్లో కలిసిపోతాయి. మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో సృష్టించిన వెన్నెలను, ఆ నీటి మీద పడవను అలాంటి తెర మీద ఒక్కసారి చూడండి. నలుపు నుంచి తెలుపు దాకా ఎన్ని మెట్లున్నాయో తెలుస్తుంది. మామూలు ఎల్ఈడీ టీవీ ఉన్నా దిగులు పడొద్దు. గదిలో ట్యూబులైటు తీసేసి, తెర వెనక చిన్న దీపం పెట్టుకుంటే చాలావరకు ఆ అనుభవం దక్కుతుంది.

మాట ఎక్కడ మునిగిపోయింది?

1977లో హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలైన రోజులకు వెళదాం. హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ, మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడేర్... చెక్క డబ్బాలో ఉండే ఆ సెట్లకు తెర పక్కనే జాలీ, జాలీ వెనక స్పీకరు ఉండేవి. బొమ్మ నలుపు తెలుపే, అందులోనూ చీమలు పాకుతున్నట్టు చుక్కలు. మాట మాత్రం సూటిగా మన ముఖానికే వచ్చేది. వీధి వీధంతా ఒకే హాల్లో కూర్చున్నా వెనక వరసకు వినపడేది.

ఇప్పటి టీవీ వేలంత సన్నం. ముఖమంతా తెరే, స్పీకరుకు చోటు లేదు. దాన్ని అడుగున గానీ వెనక గానీ దాచేస్తారు. శబ్దం నేలకో గోడకో తగిలి మన దగ్గరికొస్తుంది. దారిలో హల్లుల పదును పోతుంది. మనిషి గొంతులో బలమంతా కింది స్థాయిలో ఉన్నా, క, త, స, శ వంటి అక్షరాలను విడివిడిగా గుర్తుపట్టించేది 2000 హెర్ట్జ్ పైనుండే సన్నటి శబ్దం. వయసు పైబడినప్పుడు చెవి ముందుగా పోగొట్టుకునేది కూడా ఆ పై స్థాయినే. టీవీ కొంత మింగేసి, వయసు కొంత తీసేసుకుంటే ఇక మిగిలేది గొంతు మోత. సౌండు పెంచితే ఆ మోత పెరుగుతుందే గానీ మాట తేటపడదు.

దీనికి తోడు సినిమాలోని శబ్దాన్ని థియేటర్ కోసం కూరుస్తారు. థియేటర్లో తెర వెనక మధ్యలో ఒక స్పీకరు ఉంటుంది, సంభాషణలకు అదే ఆధారం. కుడి, ఎడమ, వెనక స్పీకర్లు సంగీతానికీ, చప్పుళ్లకూ. డాల్బీ అట్మాస్ 2012లో 'బ్రేవ్' సినిమాతో వచ్చాక తల మీద కూడా స్పీకర్లు చేరాయి. మన దేశంలో అదే ఏడాది 'శివాజీ త్రీడీ'తో అడుగుపెట్టింది. ఇన్ని దారుల్లో రావలసిన శబ్దాన్నంతా టీవీ తన రెండు చిన్న స్పీకర్లలోకి కుదిస్తే డప్పులు, కత్తులు, మాటలు ఒకే ఇరుకు సందులో తోసుకుంటాయి. గుసగుసగా చెప్పిన మాట అందులో ముందుగా నలిగిపోతుంది.

ఒక కడ్డీ, ఒక వైరు

ఇందుకు మందు టీవీ కింద పెట్టుకునే స్పీకర్ల కడ్డీ, సౌండ్‌బార్. దాని డబ్బా మీద 2.1, 3.1, 5.1, 3.1.2 అని అంకెలుంటాయి. మొదటి అంకె చెవి ఎత్తున శబ్దం ఎన్ని దారుల్లో వస్తుందో చెబుతుంది. రెండోది బేస్ కోసం ఉండే సబ్‌వూఫర్. మూడోది ఉంటే కప్పు వైపు చూసే స్పీకర్లు. మాటలు స్పష్టంగా వినపడటమే మీ అవసరమైతే మొదటి అంకె కనీసం మూడు ఉండేది చూడండి. ఆ మూడు దారుల్లో ఒకటి మధ్య స్పీకరు, థియేటర్లో మాట పలికే స్పీకరుకు తమ్ముడు. 5.1 అని రాసి ఉన్న చవక రకం కంటే మంచి కంపెనీ 3.1 నాకు నయమనిపిస్తుంది. టీవీ ధరలో ఐదో వంతు దీనికి పక్కన పెట్టండి. అందుకోసం 65 అంగుళాల బదులు 55తో సరిపెట్టుకోవలసి వచ్చినా సరే.

అట్మాస్ కావాలనుకునేవాళ్లు తలెత్తి ఒకసారి కప్పు చూడండి. పైకి ఎగజిమ్మిన శబ్దం స్లాబుకు తగిలి కిందికి దిగాలి. చదునైన స్లాబు ఉంటే బాగా పనిచేస్తుంది. పెంకుటింట్లో, రేకుల కప్పు కింద, మెట్లు మెట్లుగా ఉండే ఫాల్స్ సీలింగ్ కింద ఆ డబ్బు దండగ.

బిగించేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి దాదాపు ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. వైర్లెందుకని బ్లూటూత్‌తో కలిపేస్తారు. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, పెదవి ఒకచోట మాట ఒకచోట అవుతుంది. పైగా అయిదారు దారుల శబ్దం రెండుకు కుదించుకుపోతుంది. టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన 'ఏఆర్‌సీ' అనో 'ఈఏఆర్‌సీ' అనో రాసి ఉంటుంది. సౌండ్‌బార్‌కు అలాంటిదే ఒకటి ఉంటుంది. ఆ రెంటినీ ఒక్క హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ కూడా మాట వింటుంది. తరువాత టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో 'పీసీఎం' ఉంటే తీసేసి 'పాస్ త్రూ' గానీ 'ఆటో' గానీ పెట్టాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు తొందరలో ఈ రెండో పని చేయకుండా వెళ్లిపోతుంటాడు. ఉండమని అడిగి చేయించుకోండి.

ఇప్పుడు హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. చప్పుడు అక్కడితో ఆగిపోతే గది బాగున్నట్టు. 'టంగ్' మని కాసేపు మోగితే మాటలు కూడా అలాగే మోగుతాయి. మన ఇళ్లలో గ్రానైటు నేల, నున్నటి గోడలు, అద్దాల కిటికీలు. శబ్దం ఆగడానికి చోటు లేదు. సోఫా ముందు ఒక మందపాటి తివాచీ, కిటికీకి బరువైన కర్టెను, పక్క గోడకు పుస్తకాల అలమర పెట్టి మళ్లీ చప్పట్టు కొట్టండి. సౌండ్‌బార్ లేకపోయినా టీవీ మాటలు సగం తేటపడటం వింటారు. మంచి పుస్తకాల అలమర ఇంట్లో ఉండటానికి ఇదొక అదనపు కారణం.

సబ్‌వూఫర్‌ను మూలకు నెట్టకండి. మూలలో బేస్ ఉబ్బిపోతుంది, కింది ఫ్లాటువాళ్ల కప్పు కూడా అదురుతుంది. గోడకు కాస్త ఎడంగా, సౌండ్‌బార్ వైపే పెట్టండి. రాత్రిళ్లు 'నైట్ మోడ్' వేసుకోండి. అది పెద్ద చప్పుళ్లను అణచి చిన్న మాటలను లేపుతుంది. 'డైలాగ్' లేదా 'వాయిస్' అన్న మీట ఉంటే పెద్దవాళ్లున్న ఇంట్లో దాన్ని పగలూ రాత్రీ ఉంచేయవచ్చు.

ఇంత చేశాక మళ్లీ 'మాయాబజార్' పెట్టండి. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు, రంగారావు గొంతులో ఒక్కో ఒత్తు, ఒక్కో విరుపు. పాత మోనో శబ్దం కాబట్టి అట్మాస్ ఏమీ అక్కర్లేదు, మధ్య స్పీకరు ఒక్కటి చాలు. ఆనాటి నటులు రంగస్థలం మీద మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించిన కాలం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఉచ్చారణను టీవీ అడుగున దాగిన స్పీకరుకు అప్పగించడం నా దృష్టిలో అన్యాయం.

ఫోన్‌లో చెవి కోసం

నాకు నచ్చిన యాప్‌లు దాదాపు అన్నీ వినడానికి సంబంధించినవే. మొదటి స్థానం ప్రసారభారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్'ది. దేశంలోని రెండు వందలకు పైగా ఆకాశవాణి ప్రసారాలు అందులో ఉచితంగా వినవచ్చు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం, హైదరాబాద్, విశాఖపట్నం కేంద్రాలు అందులో ఉన్నాయి. విజయవాడ 'భక్తిరంజని'తో తెల్లవారిన ఇళ్లు కోస్తాలో ఎన్నో. అప్పుడు మీడియం వేవ్ మీద గరగరల మధ్య విన్నది ఇప్పుడు గరగర లేకుండా వస్తుంది. యాప్ తెరిచి, ఫోన్‌ను బ్లూటూత్‌తో సౌండ్‌బార్‌కు కలిపి, సన్నగా పెట్టి, టీవీ తెర ఆపేసి వదిలేయండి. తెర లేకుండా ఇల్లు ఎంత హాయిగా ఉంటుందో చూడండి. కాఫీ కలుపుకుంటూ, పూజగది తుడుచుకుంటూ వినవచ్చు. డాలస్‌లో ఉన్న అమ్మాయి కూడా అదే క్షణంలో అదే వింటుంది. ఇక్కడ ఉదయం ఆరు గంటలంటే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర, వేసవిలో అయితే ఏడున్నర. వాళ్ల వంట వేళకు మన సుప్రభాతం.

ఊళ్లు తిరగాలనిపిస్తే 'రేడియో గార్డెన్' ఉంది. నెదర్లాండ్స్‌లో పుట్టి 2016లో లోకానికి వచ్చింది. ఫోన్ తెర మీద భూగోళం తిప్పుతూ ఏ ఆకుపచ్చ చుక్క మీద ఆగితే ఆ ఊరి రేడియో పలుకుతుంది. పిల్లలకు భూగోళం నేర్పడానికి ఇంతకంటే సరదా మార్గం నాకు తెలియదు. కథలు, నవలలు వినాలనుకునే తెలుగువాళ్లకు 'దాసుభాషితం' ఉంది. చూపు మందగించి చదవడం మానేసిన పెద్దవాళ్ల ఫోన్‌లో దాన్ని వేసిపెట్టండి.

పాట చెవిన పడుతుంది, ఏ సినిమాదో గుర్తుకు రాదు. ఆ బాధకు 'షాజామ్' జవాబు. 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు అదొక ఫోన్ నంబరు. 2580కి డయల్ చేసి పాట వైపు ఫోన్ పట్టుకుంటే పేరు ఎస్సెమ్మెస్‌గా వచ్చేది. శబ్దంలో ఎత్తుగా లేచిన బిందువులను, వాటి మధ్య వ్యవధిని పట్టుకుని వేలిముద్రలా పోల్చి చూస్తుంది కాబట్టి హోటల్ రొదలో కూడా పాటను గుర్తుపడుతుంది. మీరు పాడితే మాత్రం పట్టుకోలేదు, దానికి రికార్డులోని ఆ పాటే కావాలి. కూనిరాగం తీసి పాట వెతకాలంటే గూగుల్ యాప్‌లో మైకు నొక్కాలి. 2020లో వచ్చిన సౌకర్యం ఇది. తాతయ్య పల్లవి మరిచి రాగం మాత్రం గుర్తుంచుకున్న పాటలు దీంతో దొరుకుతున్నాయి.

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో తంబురా యాప్ తప్పనిసరి. చెక్క తంబురా, తరువాత హార్మోనియంలాంటి శ్రుతిపెట్టె, ఆ తరువాత 1979లో బెంగళూరుకు చెందిన జి. రాజ్ నారాయణ్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ తంబురా, ఇప్పుడు ఫోన్. ఒకటిన్నర శ్రుతి అయినా అయిదున్నర అయినా వేలితో జరిపితే వచ్చేస్తుంది. ఫోన్ స్పీకరులో ఒక లోపముంది. మంద్రంలోని షడ్జమం దాంట్లో పలకదు, పిల్లలు ఆధారం లేకుండా పైపైన పాడతారు. ఇక్కడ కూడా సౌండ్‌బార్ అక్కరకొస్తుంది. సినిమాకు పనికిరాని బ్లూటూత్ ఆలస్యం శ్రుతికి అడ్డం కాదు, అది నిరంతరంగా మోగేదే కదా. సబ్‌వూఫర్‌ను సగానికి తగ్గించి వినిపించండి. గది మొత్తం శ్రుతిలో నిలబడుతుంది, పిల్లల గొంతు దానంతటదే స్థానం వెతుక్కుంటుంది.

పెరటి చెట్టు మీద పిట్ట కూత విని దాని పేరు చెప్పే 'మెర్లిన్' గురించి ఒక్క మాట. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర కేంద్రం వారిది, ఉచితం. భారతదేశపు ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేని పొలం గట్టు మీద కూడా పనిచేస్తుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకునే పిల్లల విషయంలో మాత్రం పట్టు విడవకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు హద్దుగా పెట్టింది. పిల్లలకు 75 డెసిబెల్సే. ఎంత పెద్దగా, ఎంతసేపు విన్నారో లెక్క చూపే ఫోన్లు ఉన్నాయి. వారానికొకసారి ఆ లెక్క పిల్లలతో కలిసి చూడండి.

తెలుగు మాటకు తెలుగు అక్షరం

ఇంత సామగ్రి సమకూర్చుకున్నా తీరని కొరత ఒకటి ఉంది. వినికిడి బాగా తగ్గినవాళ్లకు, పుట్టుకతో వినపడనివాళ్లకు సౌండ్‌బార్ ఏం చేస్తుంది? వాళ్లకు కావలసింది తెర అడుగున అక్షరాలు. ఓటీటీల్లో చాలా తెలుగు సినిమాలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే దొరుకుతాయి. తెలుగు సినిమాను తెలుగు అక్షరాల్లో చదువుకునే వీలు తెలుగువాళ్లకే తక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

పాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే అక్షరాలు వేస్తే చదవడం కూడా వస్తుందని అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1996 నుంచి చెబుతూ, సినిమా పాటలతో చేసి చూపించారు. ఫ్రిస్కోలోనో మెల్‌బోర్న్‌లోనో తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పిల్లలు ఎందరో ఉన్నారు. 'నాటు నాటు'కు చిందేసిన కాళ్లవి. ఆ పాట అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతూ తెర మీద నడిస్తే చంద్రబోస్ పదాలే వాళ్లకు పెద్దబాలశిక్ష అవుతాయి.

థియేటర్లలో వినికిడి, చూపు లోపాలున్నవాళ్ల కోసం కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటి తెర దగ్గర ఆ బాధ్యత ఓటీటీలది. 2020లో తెలుగువాళ్ల కోసమే మొదలైన 'ఆహా', తెలుగు కోసమే నడుస్తున్న 'ఈటీవీ విన్' ఇందులో ముందుండాలి. సంభాషణల ప్రతి నిర్మాత దగ్గర ఎలాగూ ఉంటుంది, దాన్ని దృశ్యంతో జతచేయడం ఎడిటింగ్ గదిలో జరిగే మామూలు పని. నెలనెలా, ఏడాదికోసారి చందా కడుతున్నవాళ్లం మనం. ప్రతి ఓటీటీ యాప్‌లోనూ 'హెల్ప్' అనో 'ఫీడ్‌బ్యాక్' అనో ఒక చోటు ఉంటుంది. ఈ ఆదివారం సినిమా మొదలుపెట్టేముందు అక్కడికి వెళ్లి, తెలుగు సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ కావాలని తెలుగులోనే రాయండి.